ఛాత్రోపాధ్యాయుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవమున పుస్తకములను గూర్చి ముచ్చటించుట వాడుక. అయితే పుస్తకము బీరువాలో ఎంతకాలమున్నను తనంతట తాను చదువు చెప్పజాలదు. దానికి ముందు అక్షరము దిద్దించిన చేయి ఒకటి ఉండవలెను. ఆ చేతికి ఆ నేర్పు ఎట్లు వచ్చును? రైతుకొడుకు మేడి పట్టి దుక్కి నేర్చును. చాలు వంకరపోయినచో మఱుచాలున సరిదిద్దుకొనును. కుమ్మరికొడుకు చేతిలో కుండ చెడినచో మన్ను మరల పిసుకును. బడిపంతులు మాత్రము తన పనిని పరుల బిడ్డలమీద నేర్చుకొనవలసియున్నది. అక్కడ వంకరపోయిన చాలు ఒక బిడ్డకు ఒక ఏటి చదువు. తాను ఇంకను విద్యార్థియై యుండగనే ఒక తరగతిని పూర్తిగా చేతబట్టినవాడు ఎట్లు ఎదుగును, ఆ ఎదుగుదలకు వెల ఎవరు చెల్లింతురు అనునదే నేటి ప్రసంగ విషయము.

ఈ విషయమున లోకమునకంతకు తెలిసిన కథయొకటి మన చెంతనే, మద్రాసు ఎగ్మూరులో జరిగినది.

ఆండ్రూ బెల్ అనునాయన స్కాట్లండు దేశమున సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1753లో ఒక క్షురకుని ఇంట పుట్టెను. 1787లో మద్రాసు చేరెను. 1789లో ఎగ్మూరునందలి మగపిల్లల అనాథశరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. కుంఫిణీ సైనికులకు పుట్టి దిక్కులేనివారైన బాలురు అందుండెడివారు. క్రింది తరగతిలో అక్షరములు పట్టుబడుటయే మహాకష్టముగా నుండెడిది. ఇట్లుండగా ఒకనాటి ఉదయమున బెల్ గుఱ్ఱమెక్కి పోవుచు దారిలో ఒక తమిళ వీధిబడిని చూచెను. పిల్లలు నేలపై కూర్చుండి, ఇసుక పఱచుకొని, వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. కాగితము లేదు, సిరా లేదు, ఖర్చు లేదు. తప్పుపోయినచో అరచేతితో చెరిపి మరల వ్రాయవచ్చును. మన తాతముత్తాతలందఱు ఓనమాలు దిద్దిన తీరే ఇది. మనకు నిత్యము కనబడుటచే కంటికి ఆననిది ఆయనకు నిధివలె కనబడెను.

శరణాలయమునకు మఱలి వచ్చి, క్రింది తరగతి పంతులును పిలిచి ఇట్లు నేర్పుమని చెప్పెను. పంతులునకు ఇష్టము లేకపోయెను. కొన్నాళ్ళు చూచి, ఇది సాధ్యము కాదనెను. బెల్ వాదింపలేదు. అక్షరములు నేర్చియున్న బాలురలోనుండి జాన్ ఫ్రిస్కెన్ అను వానిని పిలిచెను. వాడొక సామాన్య సైనికుని కొడుకు. వయస్సు ఎనిమిదేండ్లు. ఆ తరగతిని వాని చేతికప్పగించెను.

పెద్దవాడు కానేకాదన్న పనిని ఆ చిన్నవాడు చేసెను. ఇసుకపై అక్షరములు వచ్చినవి. పిదప మఱికొందఱు బాలురను అతనికి సహాయులుగా నియమించిరి. తరగతి వెనుక తరగతి పిల్లల చేతులలోనికే వచ్చెను. దినమునకెంత పాఠము నడచినదో లెక్క వ్రాయుటకు పట్టీలు, తప్పు చేసినవారి పేర్లెక్కుటకు ఒక నల్లపుస్తకము, ఆ తప్పులు విచారించుటకు బాలురతోనే పంచాయతీ ఏర్పడెను. కొరడాకు పని తగ్గెను. బెల్ 1796లో మద్రాసు విడిచి, మఱుసటి యేట లండనులో ఈ ప్రయోగమును గూర్చి చిన్నపుస్తకమొకటి అచ్చొత్తించెను. దానితో "మద్రాసు పద్ధతి" అను పేరు సీమలో మారుమ్రోగెను. 1832లో ఆయన మరణించిన పిదప, ఆయన విడిచిన ధనముతో స్వగ్రామమున 1833లో తెఱచిన పాఠశాలకు మద్రాసు కాలేజి అనియే పేరు. స్కాట్లండులో మద్రాసు పేరుగల బడియేమని వింతపడువారికి సమాధానము ఎగ్మూరు ఇసుకలో నున్నది.

ఇక్కడ ఒక క్షణము నిలిచి, ఎనిమిదేండ్లవాడు ఎట్లు గెలిచెను, జీతము తిను పంతులు ఎందుకు ఓడెను అని విచారింపవలెను. ఫ్రిస్కెను పండితుడు కాడు. అయితే అక్షరము రాకుండుట యెట్లుండునో వానికి ఇంకను జ్ఞాపకమున్నది. నిన్న తాను తడబడిన మలుపుననే నేడు తనముందున్న పిల్లవాడు తడబడుచున్నాడు. పంతులు ఆ మలుపును దాటి ముప్పదియేండ్లో నలువదియేండ్లో అయియుండును; అక్కడ మలుపున్నదనుటయే అతడు మఱచెను. పాపము, అతనిని మూర్ఖుడని త్రోసివేయుటయు తగదు. క్రొత్త పద్ధతి చేయుమని ఆజ్ఞ వచ్చినదిగాని, ఎట్లు చేయవలెనో ఒకనాడైనను ప్రక్కన కూర్చుండి చూపినవారున్నట్లు కనబడదు. ఉత్తరువు క్రిందికి దిగుట వేఱు, విద్య దిగుట వేఱు. కచేరీ వ్యవహారములు ఎఱిగినవారికి ఈ భేదము విప్పి చెప్పనక్కఱలేదు.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట బెల్ కనిపెట్టినది కాదు. 1822లో సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్కలు తీయించెను. 1826 నాటికి తేలిన మొత్తము 12,498. అందు బళ్ళారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ 1823లో వ్రాసిపంపిన నివేదిక చదువదగినది. ఈయన తెలుగునకు వ్యాకరణము కూర్చినవాడు. ఆయన జిల్లాలో, అనగా నేటి అనంతపురము సీమ కూడ అందు చేరియున్న నాడు, 533 బడులున్నవి. వానిలో తెలుగు చెప్పునవి 226. బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఇసుక దిద్దుట, తాటాకు, కడితము, గుంజిళ్ళు, కోదండము అన్నియు నందున్నవి. ముందు నేర్చినవానిచేత వెనుకవానికి చెప్పించుటను, దానివలన చెప్పువానికి తన చదువే గట్టిపడుటను ఆయన మెచ్చుకొని, సీమవారు దీనిని అనుకరించుట తగియున్నదని వ్రాసెను. అయితే ఆ నివేదికలోనే ఒక ముల్లు కూడ నున్నది. పిల్లలు పద్యకావ్యములను చిలుకలవలె వల్లించుటయేగాని అర్థమెఱుగరనియు, చెప్పువారికిని తెలియదనియు ఆయన బాధపడెను. భారత భాగవతములను ప్రాణముగా నెంచువారికి ఈ మాట కష్టముగా నుండును. కాని అబద్ధమని త్రోయలేము.

సీమలో ఆ పద్ధతి యేమైనది? 1798లో లండనులో బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టరు, బెల్ తో పోటీపడుచు అట్టి విధానమునే నడపెను. ఒక గురువు, వందలకొలది శిష్యులు, నడుమ పిల్లగురువులు. ఖర్చు స్వల్పము. ధనవంతులకును ప్రభుత్వమునకును ఇది మిక్కిలి నచ్చెను. చౌకయైన పుణ్యము ఎవరికి చేదు? కాని ఫ్రిస్కెను వంటివాడు గెలిచెనని ప్రతి పిల్లవాడును గెలుచునా? తనకు వచ్చిన నాలుగు ముక్కలే చెప్పుచు, తాను ఒక అడుగు ముందుకు పోని పిల్లగురువులచేత బడులు నిండెను. నమ్మకముతో మొదలైన పని పొదుపుగా మారెను. అందువలననే 1846లో ఆ దేశమున క్రొత్త నిబంధన వచ్చెను. పదుమూడేండ్లు నిండినవానినే శిష్యోపాధ్యాయునిగా తీసికొని, అయిదేండ్లు పని నేర్పవలెను. మొదటి యేట పది పౌనులు, కడపటి యేట ఇరువది పౌనులు భృతి. అన్నిటికంటె ముఖ్యముగా, పెద్ద ఉపాధ్యాయుడు దినమునకు గంటన్నర సేపు వానికి వేఱుగా చదువు చెప్పవలెను. ఆ గంటన్నరయందే విషయమంతయు నున్నది. చెప్పువాడు తానును చదువుచుండవలెను. వాని వెనుక మఱియొకడు ఉండవలెను.

మన వైపున 1856లో మద్రాసులో ఉపాధ్యాయులను తీర్చెడి నార్మల్ పాఠశాల వెలసినది. తరువాతి చరిత్ర పొడవైనది, దానిని విడిచిపెట్టుదము. 2014లో జాతీయోపాధ్యాయ విద్యామండలి చేసిన నిబంధనలతో, రెండేండ్ల శిక్షణలో ఇరువది వారములకు తక్కువ కాకుండ ఛాత్రోపాధ్యాయుడు బడిలో గడపవలెనని యేర్పడెను. పూర్వము కొలది పాఠములు చెప్పి, పరీక్షాధికారి ముందు ఒకటి రెండు పాఠములు ప్రదర్శించి బయటపడుటతో పోల్చినచో ఇది గొప్ప మార్పు. ఒక పాఠము చెప్పుట అతిథివలె ఒకపూట భోజనమునకు పోవుట వంటిది. ఇరువది వారములనగా ఆ యింటి వంట తన నెత్తినబడుట.

దృష్టాంతముగా ఒక ఛాత్రోపాధ్యాయుని, ఒక పల్లెబడిని, నాలుగవ తరగతిని తలచుకొందము.

శిక్షణాలయమున అతని పాఠ్యపథకములు ముత్యములవలె నుండును. ఉద్దేశ్యములు, ఉపకరణములు, ప్రశ్నలు అన్నియు గళ్ళలో నిండియుండును. తరగతి వెనుక బల్లపై కూర్చుండి టీచరమ్మ పాఠమును గమనించిన వారములలో, ఆమె చేసిన లోపములన్నియు అతనికి కనబడును. తానైనచో ఎంత చక్కగా చెప్పునో యని లోలోపల అనుకొనును. తిక్కన సోమయాజి విరాటపర్వమున ఉత్తరకుమారుని అంతఃపురమున ఇట్లే ఉంచెను గదా! సారథియొక్కడు దొరకినచో కౌరవులందఱిని ఓడింతునన్నవాడు, సేనను చూచినంతనే ఒడలు గగుర్పొడిచి రథము దిగి పరుగిడెను. ఆనాటినుండి ఉత్తరకుమార ప్రజ్ఞలనుట మనకు వాడుకయైనది. లోకము ఆ నవ్వుదగ్గఱనే ఆగిపోయినది, కవి ఆగలేదు. బృహన్నల పరుగున పోయి పట్టుకొని, ధైర్యము చెప్పి, పగ్గములను ఆ పాఱిపోయినవాని చేతికే ఇచ్చెను. అతడు ఆ మహాసేన నడుమ రథము నడపెను. యుద్ధము నేర్చినది అంతఃపురమున కాదు, ఆ నొగపైననే. అంతకుమున్ను బృహన్నల కొలువు విరటుని కూతునకు ఆట నేర్పుటయే యని మఱువరాదు. గురువు గనుకనే పాఱిపోవువానిని వెక్కిరింపక పట్టుకొనెను.

టీచరమ్మ ఒకనాడు హాజరుపట్టీని అతని చేతికిచ్చి, "ఇకనుండి ఉదయమునుండి సాయంకాలము వఱకు మీదే" అని పోయి వసారాలో కూర్చుండును. మొదటి వారమున అతడు పిల్లలను చూడడు, పాఠ్యపథకమును చూచును. గంట కొట్టులోపల పాఠము ముగించుటయే అతని గెలుపు. ముందుబల్లవారు నలుగురు చేయెత్తి జవాబు చెప్పుచుందురు. ఆ నలుగురిని తరగతి యని భ్రమించును. రెండవ వారమునకు గొంతు బొంగురుపోవును. ఎంత అఱచినను సద్దు అణగదు. బెత్తము మీదికి చూపు పోవును. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టరాదని శాసించియున్నది. అది పుస్తకమున చదివి మార్కులు తెచ్చుకొన్నవాడే అతడు. చదివిన చట్టమునకును దురదపెట్టు చేతికిని నడుమ ఎంత దూరమున్నదో ఆ వారమున తెలియును. "చెప్పెడివానికి వినెడివాడు లోకువ" అని సామెత. చెప్పలేనివానికి మఱింత లోకువ.

అతడు నిజముగా ఎదుగుట మొదలిడినది ఒక తీసివేత లెక్కతో.

402 లోనుండి 178 తీసివేయుమని పలకలపై ఇచ్చెను. తరగతిలో సగమునకు పైగా 376 అని వ్రాసిరి. అతడు వరుసగా తప్పుగుర్తులు పెట్టుచు పోయి, సరియైన లెక్కను నల్లబల్లపై చేసి, ఎత్తి వ్రాసికొనుడనెను. వారు వ్రాసికొనిరి. మఱునాడు మఱియొక లెక్క ఇచ్చెను. మరల అదే తీరు తప్పు. అతనికి కోపము వచ్చెను. సాయంకాలము టీచరమ్మతో, "వీండ్లకు తలలో ఏమియు లేదండీ" అని చెప్పుకొనెను. ఆమె ఖండింపలేదు, ఓదార్పలేదు. "ఎట్లు చేసినావని ఆ పిల్లవానిని అడిగితివా, బాబూ?" అని మాత్రమడిగెను.

అడుగలేదు. మఱునాడు వెనుకబల్లవాని ప్రక్కన చాపపై కూర్చుండి అడిగెను. పిల్లవాడు మొదట కొట్టునేమోయని వెనుకకు జరిగెను. పిదప, "రెండులోనుంచి ఎనిమిది పోదు గదండీ. పెద్దదానిలోనుంచి చిన్నది తీయాలని మీరే చెప్పినారు గదండీ. అందుకని ఎనిమిదిలోనుంచి రెండు తీసినాను, ఆరు. ఏడులోనుంచి సున్న తీసినాను, ఏడు. నాలుగులోనుంచి ఒకటి తీసినాను, మూడు" అనెను.

ఛాత్రోపాధ్యాయునకు చెమట పట్టెను. పెద్దదానిలోనుండి చిన్నది తీయవలెనన్న సూత్రము రెండవ వారమున, సులభముగా నుండునని, తాను చెప్పినదే. పిల్లవాడు తెలివిలేక తప్పలేదు, విన్నమాటను తు.చ. తప్పక ఆచరించినాడు. ఒక అంకెకు చెప్పిన మాటను మూడంకెలకు అన్వయించుకొన్నాడు. ఆ సగము పలకలపైనున్నది పిల్లల తప్పు కాదు, తన తప్పునకు సగము తరగతి తీసిన నకలు. లెక్కల పుస్తకములు వ్రాసినవారికి ఇట్టి ఘట్టములు తెలియును: పద్దులో తప్పుపడినప్పుడు అది యొకేచోట పడినచో నిర్లక్ష్యము, ప్రతిపుటయందును అదే తీరున పడినచో దానికొక సూత్రమున్నదన్నమాట, ఆ సూత్రమును పట్టిననాడే లెక్క తేలును.

ఆ రాత్రి అతడు పాఠ్యపథకము వ్రాయలేదు. చీపురుపుల్లలు విఱిచి, పదేసి చొప్పున దారముతో కట్టి, పది కట్టలను ఒక మోపు చేసి కూర్చుండెను. మఱునాడు నాలుగు మోపులు, రెండు విడిపుల్లలు నేలపై పెట్టి, అందులోనుండి నూటడెబ్బదియెనిమిది ఇమ్మని వెనుకబల్లవానిని పిలిచెను. ఎనిమిది విడిపుల్లలు కావలెను, ఉన్నవి రెండు. పదుల కట్ట విప్పుదమన్నచో ఒక్కటియు లేదు. పిల్లవాడు చాలసేపు చూచెను. ముందుబల్లవారు చెప్పబోగా ఛాత్రోపాధ్యాయుడు చేయి అడ్డము పెట్టెను. ఊరకుండుట ఎంత కష్టమో అతనికి ఆనాడు తెలిసెను. శిక్షణాలయమున మాటలాడుట నేర్పుదురుగాని ఊరకుండుట నేర్పరు. కడపట పిల్లవాడే ఒక మోపు విప్పెను. పది కట్టలు వచ్చెను. వానిలో ఒక కట్ట విప్పెను, విడిపుల్లలు పండ్రెండయ్యెను. ఎనిమిది ఇచ్చెను, నాలుగు మిగిలెను. తొమ్మిది కట్టలలో ఏడిచ్చెను, రెండు మిగిలెను. మూడు మోపులలో ఒకటిచ్చెను, రెండు మిగిలెను. ఇన్నూటయిరువదినాలుగు.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఇద్దఱు నాట్యాచార్యులకు వాదము పెట్టెను. గణదాసుడు గొప్పా, హరదత్తుడు గొప్పా? తీర్పరియైన పరివ్రాజిక వారిని ఆడి చూపుమనలేదు. వారి శిష్యులను ఆడించుమనెను. మాళవిక ఆడెను, గణదాసుడు గెలిచెను. ఆ నాటకమున రాజునకు మాళవికను చూడవలెనను కోరిక లోపలనుండుట వేఱు సంగతి. పరీక్షామార్గము మాత్రము సరియైనది. పరీక్షాధికారులు ఛాత్రోపాధ్యాయుని చేవ్రాతను, పటములను, కంఠస్వరమును చూచి మార్కులు వేయుచుందురు. ఆ వెనుకబల్లవాని పలకను ఒకసారి చూచినచో చాలును.

ఇక చేదుమాట యొకటి చెప్పవలసియున్నది. తరగతిని అప్పగించుట వేఱు, వదలివేయుట వేఱు. పైకి రెండును ఒకటిగానే కనబడును; రెంటియందును పెద్ద ఉపాధ్యాయుడు తరగతిలో నుండడు. టీచరమ్మ వసారాలో నున్నది. సాయంకాలము ఒక ప్రశ్న అడిగినది. ఆమెయే లేకున్నచో ఆ 376 తరగతిలో స్థిరపడి, మూడేండ్లకు పైతరగతి పంతులు "క్రింద ఏమి చెప్పినారో" అని నిట్టూర్చుటకు మిగిలెడిది. పంతుళ్ళు చాలని పల్లెబడులలో శిక్షణకై వచ్చిన బిడ్డను ఖాళీ పూడ్చుటకు వాడుకొనుట, ఒక్కనికే రెండు మూడు తరగతులు కట్టబెట్టుట మనమెఱుగని సంగతి కాదు. గ్రామస్థులును పంతులెవరో యొకరు వచ్చినారుగదా యని సంతోషింతురు. అది బెల్ పద్ధతి సీమలో పట్టిన దారియే, చౌకదారి. ఊరివారు అడుగవలసిన ప్రశ్న, శిక్షణకు వచ్చినవారు పాఠము చక్కగా చెప్పుచున్నారా అని కాదు, వారి వెనుక ఎవరున్నారని. వారు పరాయి యూరినుండి వచ్చి, బస్సు తప్పిన రాత్రులలో ఎక్కడ తినుచున్నారు, మఱునాటి పాఠమునకు చదువుకొన దీపమెక్కడ నున్నది అనియు అడుగవచ్చును. ఈ గ్రంథాలయమునకు బల్లయు దీపమును గలవు.

ఇరువదియవ వారమున హాజరుపట్టీ టీచరమ్మ చేతికి తిరిగిపోవును. ఆ దినమున అతడు క్రొత్త పాఠము పెట్టుకొనలేదు; 500 లోనుండి 263 తీయుమని లెక్కలిచ్చి వెనుకకు పోయి నిలిచెను. క్రొత్తగా చేరిన పిల్లయొకతె 363 వ్రాసికొని కూర్చున్నది. వెనుకబల్లవాడు ఆ పలకను చూచి, చెరుపలేదు, నవ్వలేదు. గూటిలోని చీపురుపుల్లల మోపులు తెచ్చి ఆమె ముందు పెట్టి, "నువ్వెట్లా చేసినావో చెప్పు" అని అడిగెను. ఛాత్రోపాధ్యాయుడు ఒక అడుగు ముందుకు వేసి, ఆగి, చేతులు వెనుకకు కట్టుకొనెను. వసారాలోనుండి టీచరమ్మ అది చూచుచుండెను.